పిల్లల ఇంట్లోనే ఉండిపోయిన డాక్టర్ గారు



సెలవులు రాగానే మన పిల్లల్లో కొందరు సేవా యాత్రలకు వెళ్తుంటారు. కొందరు ఊరి చివర ఉన్న అనాథాశ్రమానికి వెళ్తారు. మరికొందరు విమానం ఎక్కి వేరే దేశంలోని పిల్లల ఇంటికి వెళ్లి, వారం పది రోజులు వాలంటీర్లుగా ఉండి వస్తారు. తిరిగి వచ్చాక ఒక పేజీ అనుభవం రాయమంటే చాలామంది ఒకే మాట రాస్తారు: మేము వాళ్లకు ఏదో ఇవ్వాలని వెళ్లాం, వాళ్లే మాకు ఎక్కువ ఇచ్చారు అని. మాట మంచిదే. అయితే ఎవరు ఇచ్చారు, ఏమి ఇచ్చారు, ఆ పిల్లవాడి పేరేమిటి అని ఇంట్లో అడిగి చూడండి. చాలాసార్లు అక్కడే మాట ఆగిపోతుంది.

ఆ ప్రశ్నలను జీవితమంతా తనకు తాను వేసుకున్న ఒక డాక్టర్ గారి గురించి ఈ నెల తెలుసుకుందాం. ఆయన పేరు యానుష్ కోర్చాక్. పోలండ్ దేశస్థుడు, పిల్లల వైద్యుడు, రచయిత. వార్సా నగరంలో అనాథ పిల్లల ఇంటిని 30 ఏళ్ల పాటు నడిపి, 1942లో ఆ పిల్లలతోనే ప్రాణాలు వదిలిన మనిషి.

డ్రాయింగ్ రూమ్ పిల్లవాడు

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. పుట్టింది వార్సాలో, జూలై 22న. సంవత్సరం 1878 అని కొందరు, 1879 అని కొందరు రాస్తారు. తండ్రి పుట్టుకను సకాలంలో నమోదు చేయించకపోవడమే అందుకు కారణం. అప్పట్లో వార్సా రష్యా చక్రవర్తి పాలన కింద ఉండేది. తండ్రి పేరున్న లాయరు. ఇంట్లో దేనికీ లోటు లేదు. అయితే పెరట్లో ఆడుకునే పేద పిల్లలతో కలవడానికి మాత్రం హెన్రిక్‌కు అనుమతి ఉండేది కాదు. ఐదేళ్ల వయసులోనే అమ్మమ్మకు తన ప్రణాళిక ఒకటి చెప్పాడట: లోకంలో డబ్బు అనేదాన్నే తీసేస్తే మురికి బట్టలతో, ఆకలితో ఉండే పిల్లలు ఉండరు, అప్పుడు తను వాళ్లతో ఆడుకోవచ్చు.

ఆ ఇంటి పరిస్థితి ఎంతోకాలం అలా ఉండలేదు. తండ్రికి మానసిక జబ్బు వచ్చింది. వైద్యానికి డబ్బంతా కరిగిపోయింది. 1896లో తండ్రి పోయేనాటికి హెన్రిక్ ఇంకా స్కూలు విద్యార్థే. తల్లినీ సోదరినీ పోషించడానికి ఇంటింటికీ వెళ్లి ట్యూషన్లు చెప్పాడు. 1898లో ఒక నాటక రచన పోటీకి రాసి పంపుతూ పెట్టుకున్న మారుపేరు యానుష్ కోర్చాక్. ఆ పేరే చివరిదాకా నిలిచింది. అదే ఏడు వార్సా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. చదువుకుంటూనే పేదల వాడల్లో తిరిగారు. 1901లో వీధి పిల్లల మీద ఒక నవల అచ్చు వేయించారు. 1906లో వచ్చిన మరో నవలకు డ్రాయింగ్ రూమ్ పిల్లవాడు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది తన బాల్యం వైపు తానే తిరిగి చూసుకున్న పుస్తకం.

మొదటి సేవా యాత్ర

వార్సాలో అప్పుడు ఒక సంఘం ఉండేది. మురికివాడల పిల్లలను ఎండాకాలంలో పల్లెటూళ్లకు తీసుకెళ్లి, నాలుగు వారాలు అక్కడ ఉంచేది. పిల్లలకు గాలి, పాలు, అడవి, ఆటలు దొరికేవి. 1904లో కోర్చాక్ అలాంటి ఒక శిబిరానికి వాలంటీరుగా వెళ్లారు. మిహావూఫ్కా అనే చోట 30 మంది యూదు బాలురను ఆయనకు అప్పజెప్పారు.

ఇవాళ మన పిల్లలు సూట్‌కేసు నిండా చాక్లెట్లు, క్రికెట్ కిట్లు, రంగు పెన్సిళ్లు సర్దుకున్నట్టే ఆయన కూడా సిద్ధమై వెళ్లారు. గ్రామఫోను, గోడ మీద బొమ్మలు చూపించే లాంతరు, డామినోలు, బాణసంచా, అన్నీ ఉన్నాయి. పిల్లలంటే ప్రేమ ఉంది. వాళ్ల గురించి చదివింది, రాసింది ఉంది. ఇంకేం కావాలి అనుకున్నారు.

కొద్ది రోజులకే అంతా తారుమారైంది. మంచాల కోసం, భోజనాల బల్ల దగ్గర చోటు కోసం గొడవలు. రాత్రి పడుకునే గదిలో అల్లరి. వద్దన్నకొద్దీ ఈలలు. ఒక రాత్రి ఆయన సహనం పోయింది. ఒక కుర్రాడిని పట్టుకుని, బయట వసారాలో కరిచే కుక్కను వదిలి ఉంచారు, అక్కడికి తోసేస్తానని బెదిరించారు. పిల్లలను ప్రేమించే డాక్టర్ విద్యార్థి చేసిన పని అది.

తర్వాత ఆయన చేసిన పని వల్లే ఆ శిబిరం ఈనాటికీ గుర్తుంది. ఆ సంగతిని ఆయన దాచలేదు. ఏ రోజు ఏం జరిగింది, ఎక్కడ తను తప్పు చేశారు, పిల్లలు ఎందుకు ఎదురు తిరిగారు అన్నది వరుసగా రాసి, తర్వాతి కాలంలో పుస్తకంలో పెట్టారు. తెచ్చిన సామాను గురించి ఆలోచించాను గానీ వచ్చిన పిల్లల గురించి తెలుసుకోలేదని ఆయనకు అర్థమైంది. అడవిలో పిల్లలతో కూర్చుని మాట్లాడినప్పుడు ఒక తేడా పట్టుబడిందని రాసుకున్నారు: అంతవరకు తను పిల్లలకు చెబుతూ వచ్చారు, ఆ రోజు మొదటిసారి పిల్లలతో మాట్లాడారు. ఎలా ఉండాలో ఉపదేశించడం మానేసి, వాళ్లు ఎలా ఉండాలనుకుంటున్నారో అడిగారు. తర్వాతి ఏళ్లలో ఆయన మళ్లీ శిబిరాలకు వెళ్లారు. 1908లో వెళ్లిన శిబిరంలో ఉన్నవాళ్లు క్రైస్తవ బాలురు. కులమతాలు వేరైనా పిల్లల ఏడుపు, నవ్వు ఒకటేనని ఆయన తన కళ్లతో చూసుకున్నారు.

పరాయి దేశంలో తీసుకున్న నిర్ణయం

1905లో పట్టా చేతికి వచ్చింది. వెంటనే రష్యా, జపాన్ యుద్ధానికి సైనిక వైద్యుడిగా వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక వార్సాలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. కొద్దికాలంలోనే పేరు వచ్చింది. డబ్బున్నవాళ్ల ఇళ్లలో గట్టిగా ఫీజు తీసుకుని, పేదవాళ్ల దగ్గర నామమాత్రంగా పుచ్చుకునేవారు. పైచదువు కోసం బెర్లిన్, పారిస్ వెళ్లి అక్కడి ఆసుపత్రులు, పిల్లల సంస్థలు చూశారు.

1911లో లండన్ వెళ్లినప్పుడు నగరం శివార్లలోని ఫారెస్ట్ హిల్‌లో ఒక అనాథ పిల్లల ఇంటిని చూశారు. అక్కడ నుంచి వస్తుండగానే, తనకంటూ కుటుంబం వద్దని, జీవితం పిల్లల కోసమేనని నిశ్చయించుకున్నట్టు చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో రాశారు. తండ్రి జబ్బు తనకూ, తన పిల్లలకూ వస్తుందేమో అన్న భయం కూడా ఆ నిర్ణయంలో ఉంది. పరాయి దేశంలో ఒక పిల్లల ఇంటిని చూసి వచ్చిన యువకులు ఎందరో ఉంటారు. ఆయన మాత్రం ఇంటికి తిరిగి వచ్చి, తన ఊళ్లోనే పని మొదలుపెట్టారు.

క్రొహ్మాల్నా వీధి, 92

1912 అక్టోబరులో వార్సాలోని క్రొహ్మాల్నా వీధిలో 92వ నంబరు భవనంలో యూదు అనాథ పిల్లల ఇల్లు తెరుచుకుంది. కోర్చాక్ డైరెక్టరు. ఆయనతో సమానంగా ఆ ఇంటిని మోసినవారు స్తెఫానియా విల్చిన్‌స్కా. బెల్జియంలో చదువుకుని వచ్చిన ఆవిడ రోజువారీ ఇంటి బాధ్యతంతా చూసుకునేవారు. ఆయన యుద్ధానికో ప్రయాణానికో వెళ్లినప్పుడు ఇల్లు ఆవిడ చేతుల మీదే నడిచింది. ఉన్నది సుమారు 100 మంది పిల్లలు. ఆయన గది మాత్రం పైన అటకలో.

కొత్త ఇల్లు, శుభ్రమైన మంచాలు, వేళకు భోజనం దొరికితే పిల్లలు సంతోషిస్తారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. మొదటి ఏడాది పిల్లలు ఎదురు తిరిగారు. పాత ఆశ్రమంలో చలికి, ఇరుకుకు అలవాటు పడ్డ పిల్లలకు ఈ కొత్త నియమాలు పరాయివిగా తోచాయి. తన జీవితంలో అత్యంత కష్టమైన ఏడాదుల్లో అది ఒకటని కోర్చాక్ రాశారు. పిల్లలకు మంచి ఇల్లు ఇస్తే చాలదు, ఆ ఇంట్లో వాళ్ల మాట చెల్లాలి అని అప్పుడే తేలింది.

మాట చెల్లేలా ఆయన కొన్ని ఏర్పాట్లు చేశారు. ప్రతి పిల్లవాడికీ తన సొంత వస్తువులు దాచుకోవడానికి ఒక సొరుగు. చదవడం రానివాళ్లు కూడా వచ్చి చూసుకునే నోటీసు బోర్డు. అడగలేని మాట రాసి వేయడానికి ఉత్తరాల పెట్టె. దొరికిన వస్తువులు ఉంచే అద్దాల అలమారా. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మూడు నెలల పాటు తోడుగా ఉండే ఒక పెద్ద పిల్లవాడు. చీపురును, తుడుపుగుడ్డను మూల గదిలో దాచకుండా అందరికీ కనిపించే చోట గౌరవంగా పెట్టించారు. ఇల్లు శుభ్రం చేయడం, వంటింట్లో సాయం, చిన్నవాళ్లను చూసుకోవడం, అన్నీ పిల్లలే వంతులవారీగా చేసేవారు.

వీటన్నిటికంటే పేరు వచ్చింది పిల్లల న్యాయస్థానానికి. జడ్జీలు ఐదుగురు, అందరూ పిల్లలే. ఎవరి మీదనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, పెద్దవాళ్ల మీద కూడా. ఆ శిక్షాస్మృతిలో సెక్షన్లు 1 నుంచి 1000 దాకా నంబర్లతో ఉండేవి. వాటిలో మొదటి 99 వదిలేయడానికి, క్షమించడానికే. ఒకసారి ఆరు నెలల్లో కోర్చాక్ తన మీద తానే ఐదు కేసులు పెట్టుకున్నారు. ఒక పిల్లవాడి చెంప మీద కొట్టినందుకు ఒకటి, ఒక అమ్మాయి మీద దొంగతనం మోపినందుకు ఇంకొకటి. పిల్లల ముందు నిలబడి జవాబు చెప్పుకున్న ఆ ఐదు సార్లు తనను మంచి పెంపకందారుగా మార్చాయని ఆయన నమ్మారు.

ఆ ఇంటి బయట కూడా ఆయన పని ఆగలేదు. మరియా ఫాల్‌స్కా నడిపిన క్రైస్తవ పిల్లల ఇంటికి 1919 నుంచి తోడుగా నిలిచారు. ఒక బాలుడు రాజైతే ఏమవుతుందో చెప్పే మాత్యుష్ రాజు కథ రాశారు. 1926లో పిల్లలే విలేకరులుగా వారం వారం వెలువడే పత్రిక ప్రారంభించారు. రేడియోలో ముసలి డాక్టరు అనే పేరుతో మాట్లాడితే దేశమంతా వినేది. 1929లో అచ్చయిన చిన్న పుస్తకంలో పిల్లలకు గౌరవం పొందే హక్కు ఉందని వాదించారు.

విద్యార్థి వాలంటీర్ల నోటు పుస్తకాలు

ఇప్పుడు మన పిల్లలకు నేరుగా సంబంధించిన సంగతి. 1920ల నుంచి ఆ ఇంట్లో కొందరు యువతీ యువకులు కూడా ఉండేవారు. ఎక్కువమంది టీచర్లు కావాలనుకునే విద్యార్థులు. కొందరు అదే ఇంట్లో పెరిగినవారు. రోజుకు కొన్ని గంటలు పిల్లలతో పనిచేస్తే ఉండడానికి చోటు, భోజనం ఇచ్చేవారు. పిల్లలకు స్నానం చేయించడం, పాఠాల్లో సాయం చేయడం, రాత్రి పడుకునే గదిలో కాపలా ఉండడం వాళ్ల పని.

వాళ్లకు ఒక నియమం ఉండేది. ప్రతి ఒక్కరూ నోటు పుస్తకంలో ఆ రోజు చూసింది, తోచని సందేహం, జరిగిన పొరపాటు రాయాలి. స్తెఫానియా గారు వాటిని చదివి, మార్జిన్‌లో తన మాట రాసి తిరిగి ఇచ్చేవారు. శుక్రవారం రాత్రి అందరూ కోర్చాక్‌తో కూర్చుని వారంలో జరిగిన వాటి మీద మాట్లాడుకునేవారు. టీచర్లకు వ్యాసాలు రాయడం నేర్పుతున్నారు గానీ చూసింది రాసుకోవడం నేర్పడం లేదని కోర్చాక్ బాధ. అందుకే 1919లో ఒక చిన్న పుస్తకంలో తన సొంత నోట్సునే నమూనాగా చూపించారు. ముందు కంటికి కనబడింది రాయడం, ఆ తర్వాత దాని మీద తన ఆలోచన విడిగా రాయడం ఆయన పద్ధతి. పిల్లలు చాలా ప్రేమగా ఉన్నారు అని రాస్తే అది ఆలోచన. ఫలానా బాబు అన్నం తినకుండా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు అని రాస్తే అది చూపు. రెండోది రాయాలంటే ఆ బాబు పక్కన కాసేపు కూర్చోవాలి.

పిల్లల మనసు గురించి ఉపన్యాసానికి వచ్చిన విద్యార్థులను ఆయన ఒకసారి ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్లారు. వెంట ఒక చిన్న పిల్లవాడిని తెచ్చారు. గది చీకటి చేశారు. చుట్టూ కొత్త మనుషులు, పెద్ద యంత్రం. తెర మీద ఆ బాబు గుండె దడదడా కొట్టుకోవడం అందరికీ కనబడింది. పిల్లవాడి మీద కోపం వచ్చి చెయ్యి ఎత్తబోయే ముందు ఈ గుండెను గుర్తు చేసుకోమని చెప్పి, ఆ రోజు ఉపన్యాసం అంతటితో ముగించారు.

గోడ లోపల

1939లో జర్మన్ నాజీ సైన్యం పోలండ్‌ను ఆక్రమించింది. 1940 నవంబరుకల్లా వార్సాలోని యూదులందరినీ చుట్టూ గోడ కట్టిన ఇరుకు ప్రాంతంలో బంధించారు. క్రొహ్మాల్నా వీధి ఇల్లు ఖాళీ చేసి పిల్లలు గోడ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఆ సందర్భంలో పిల్లల బంగాళాదుంపల బండిని జప్తు చేస్తే, వెనక్కి ఇవ్వమని కోర్చాక్ జర్మన్ అధికారుల దగ్గరకే వెళ్లారు. యూదులకు తప్పనిసరి చేసిన చేతిపట్టీ కట్టుకోనందుకు ఆయనను జైల్లో పెట్టారు. బయటికి వచ్చాక ఆరోగ్యం పాడైంది. అయినా సంచి భుజాన వేసుకుని, రోజూ ఇంటింటికీ తిరిగి పిల్లల కోసం తిండి అడుక్కొచ్చేవారు. పిల్లల సంఖ్య సుమారు 200కు పెరిగింది. స్తెఫానియా గారు 1939లో పాలస్తీనాలో క్షేమంగా ఉన్నవారు. యుద్ధానికి కొద్దిగా ముందు పిల్లల కోసం వార్సాకు తిరిగి వచ్చేశారు.

1942 జూలై 18న ఆ ఇంట్లో పిల్లలు ఒక నాటకం ఆడారు. అది మన రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన 'డాక్ ఘర్', అంటే పోస్టాఫీసు. జబ్బుపడి గది దాటి వెళ్లకూడని అమల్ అనే బాలుడు కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్లతో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. నాటకాన్ని తీర్చిదిద్దింది ఎస్తెర్కా వినోగ్రోన్ అనే యువ వాలంటీరు. ఈ నాటకమే ఎందుకని అడిగితే, మరణాన్ని భయం లేకుండా ఎదుర్కోవడం పిల్లలు నేర్చుకోవాలని కోర్చాక్ చెప్పినట్టు ఆనాటివారు గుర్తు చేసుకున్నారు. శాంతినికేతన్‌లో పుట్టిన అమల్, వార్సాలో గోడ లోపల ఉన్న పిల్లలకు తోబుట్టువయ్యాడు.

మరో నాలుగు రోజులకు రైళ్లలో తరలింపు మొదలైంది. ఆగస్టు మొదటి వారంలో ఈ ఇంటి వంతు వచ్చింది. కోర్చాక్‌ను దాచడానికి గోడ అవతల మిత్రులు సిద్ధంగా ఉన్నారు. ఆయన పూర్వ కార్యదర్శి ఇగోర్ నెవెర్లీ దొంగ గుర్తింపు పత్రాలు కూడా ఏర్పాటు చేశారు. కోర్చాక్ ఒప్పుకోలేదు. రాత్రిపూట నిద్ర లేచిన పిల్లవాడిని ఒంటరిగా వదలని మనిషి, ఆ ప్రయాణంలో వదులుతారా? పిల్లలు వరుసగా నడిచారు, ముందు ఆయన, వెనుక గుంపుతో స్తెఫానియా గారు. రైలు ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి వెళ్లింది. వాళ్లెవరూ తిరిగి రాలేదు. చివరి నెలల్లో ఆయన రాసుకున్న డైరీ మాత్రం బయటపడింది.

ట్రెబ్లింకాలో ఇప్పుడు వేలాది రాళ్లతో స్మారకం ఉంది. పేర్లు చెక్కిన రాళ్ల మీద ఉన్నవి ఊర్ల పేర్లే. ఒక్క రాయి మీదే మనిషి పేరు ఉంది. యానుష్ కోర్చాక్ అన్న పేరు, పక్కన పిల్లలు అన్న మాట.

1978లో బాలల హక్కుల ఒప్పందం ఒకటి కావాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది కోర్చాక్ పుట్టిన పోలండే. 1989 నవంబరు 20న అది ఆమోదం పొందింది. 1992లో భారతదేశం అందులో చేరింది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలన్నది ఆ ఒప్పందంలో ఒక ముఖ్యమైన అంశం.

మన ఇంట్లో ఏం చేయవచ్చు

మీ అబ్బాయి లేదా అమ్మాయి సేవా యాత్రకు వెళ్తుంటే, బయలుదేరేముందు ఒక మాట అడిగించండి: మేము వచ్చే ఆ కొద్ది రోజుల్లో మీకు నిజంగా పనికొచ్చే పని ఏది? వంటింట్లో గిన్నెలు తోమడమే కావచ్చు, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడమే కావచ్చు. అలవాటు పడ్డ కొత్త అన్నలూ అక్కలూ వారం తిరిగేసరికి వెళ్లిపోతుంటే చిన్న పిల్లలు మళ్లీ మళ్లీ వదిలిపోయినట్టు బాధపడతారు. మళ్లీ వస్తామని మాట ఇచ్చేముందు ఆలోచించమని చెప్పండి. ఇస్తే నిలబెట్టుకోవాలి.

ఫోటోల విషయం మరీ ముఖ్యం. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, చిరునామా వంటి గుర్తింపు వివరాలను మీడియాలో బయటపెట్టకూడదు. చట్టం మాట అటుంచినా, మన పిల్లల ఫోటో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫోన్లలో తిరగడం మనకు ఇష్టం ఉండదు కదా. ఆ పిల్లలకు అలా వద్దని చెప్పడానికి పక్కన అమ్మానాన్నలు లేరు.

ఒక వంద పేజీల నోటు పుస్తకం కొనివ్వండి. రోజుకు ఒక్క పిల్లవాడి గురించి, కంటితో చూసిన ఒక్క సంగతి రాయమనండి. తిరిగి వచ్చాక సర్టిఫికెట్ కంటే ముందు ఆ పుస్తకం చదవండి. అందులో విసుగు ఉండవచ్చు, భయం ఉండవచ్చు, ఎవరి మీదనో అరిచిన సంగతి ఉండవచ్చు. మందలించకండి. కోర్చాక్ మొదటి శిబిరంలో కుక్క పేరు చెప్పి పిల్లవాడిని బెదిరించిన సంగతి వాళ్లకు చెప్పండి. తర్వాత పెన్ను తీసుకుని, స్తెఫానియా గారిలా మార్జిన్‌లో మీకు తోచిన ప్రశ్న ఒకటి రాసి తిరిగి ఇవ్వండి. తలుపు వైపే చూస్తూ కూర్చున్న ఆ బాబు ఎవరి కోసం చూస్తున్నాడో అడిగావా అని.